మొదటి అంకెను నమ్మని హిల్కా

హిల్కా కెస్కిటాలో చచ్చిన మనిషిని బతికించింది. నేను కళ్ళారా చూశాను. మంత్రం లేదు, ప్రార్థన లేదు. శవం చేతికి బీపీ పట్టీ చుట్టింది, గాలి కొట్టింది, స్టెతస్కోపు చెవులకు పెట్టుకుని వింది. ఏమీ వినబడలేదు. "నేను నమ్మను" అంది. కాళ్ళెత్తి కుర్చీ మీద పెట్టి మళ్ళీ గాలి కొట్టింది. మూడోసారి కొట్టేసరికి శవం లేచి కూర్చుని కాఫీ అడిగింది.

సరే, శవం అన్నమాట కాస్త ఎక్కువే. తోయ్వో రిన్నె ఆ రోజు బీపీ మాత్ర వేసుకుని, అది చాలదన్నట్టు సౌనా గదిలో ముప్పావుగంట ఆవిరిపట్టి, బయటికొస్తూనే తువాలుతో సహా బల్ల మీద వెల్లకిలా పడ్డాడు. కొద్దిగా ఊపిరి ఆడుతూ ఉండి ఉండవచ్చు, నేను కాదనను. కానీ అతని బావమరిది అప్పటికే టోపీ తీసి, "పాపం, ఆ పడవ ఇప్పుడెవరికి పోతుందో" అన్నాడు. అది మాత్రం అక్షరాలా నిజం.

ఇదీ హిల్కా జబ్బు. ప్రపంచంలో ఏ అంకెనైనా సరే మొదటిసారి నమ్మదు. "ఒకసారి చూసింది పుకారు. రెండోసారి చూసింది వార్త. మూడోసారి చూసిందే అంకె" అనేది. బీపీ దగ్గరే ఆగితే మా థండర్ బే ఊరు భరించేది. చర్చిలో పాట నంబరు బోర్డు మీద ఇంత లావున రాసి ఉన్నా చెయ్యెత్తి, "పాస్టర్ గారూ, మళ్ళీ చెప్పండి" అనేది. రొట్టెల కొట్టులో తూకం మళ్ళీ వేయించేది. చలికాలంలో రేడియోవాడు మైనస్ ముప్ఫై అంటే, "వీడి మాటేంటి" అని కోటు లేకుండా ఉత్త చొక్కాతో వాకిట్లోకి మూడుసార్లు వెళ్ళి మీటరు చూసి, నీలిరంగు ముక్కుతో తిరిగొచ్చి, "మైనస్ ముప్ఫై ఒకటి" అనేది గర్వంగా.

ఆమెను పెళ్ళాడిన ఐనో నెమ్మదైన మనిషి. ఆయన మొదటిసారి అడిగితే "నమ్మను" అందట. రెండోసారి అడిగితే "చూద్దాం" అందట. మూడోసారి అడగబోతే ముందు ఆయన నాడి పట్టుకుని నిమిషం పాటు లెక్కపెట్టి, అప్పుడు "ఊఁ" అందట. ఇది ఐనో చెప్పిందే, నా కల్పన కాదు. నాడి నూట పధ్నాలుగు అన్నది మాత్రం నేను కలిపాను.

ఇక నా సంగతి. నా పేరు ఆర్మాన్ లషాన్స్. కాగితపు మిల్లులో పనిచేసి దిగిపోయాను. నలుగురు మనవలకు తాతని. చిన్నప్పుడు సన్యాసినుల బడిలో చదివాను. అక్కడ సిస్టర్ క్లోతిల్డ్ నా అబద్ధాలకు బెత్తంతో మార్కులు వేసేది. పదింట్లో తొమ్మిది పట్టేసేది. మిగిలిన ఆ పదోదాన్ని సానబెట్టుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను.

హిల్కాకీ నాకూ పరిచయం మార్చి నెలలో, గడ్డకట్టిన సరస్సు మీద చేపల పోటీలో. నా ట్రౌట్ చేపను కాటా మీద పెట్టారు. ఆరు కిలోలు. జనం చప్పట్లు. తూకం బల్ల దగ్గర కూర్చున్న హిల్కా "మళ్ళీ" అంది. ఆరు కిలోలే. నేను బహుమతి వైపు చెయ్యి చాపాను. "ఇంకోసారి" అని ఈసారి చేపను తోకపట్టుకుని వేలాడదీసింది. నోట్లోంచి సీసపు గుళ్ళు టపటపా రాలి మంచు మీద దొర్లాయి.

"ఆకలిగల చేప" అన్నాను నేను.

ఆమె నవ్వలేదు. నా ముఖం కేసి చాలాసేపు చూసింది. "ఏమయ్యా, అబద్ధం ఆడుతుంటే నీ ముఖంలో ఒక్క గీత కూడా కదలదే."

"సిస్టర్ క్లోతిల్డ్ చలవ."

"మంగళవారం కాలేజీకి రా. నర్సింగ్ పిల్లలకు రోగి కావాలి."

"నాకే రోగమూ లేదే!"

"ఉంటే ఆసుపత్రికి పొమ్మనేదాన్ని. లేదు కాబట్టే రమ్మంటున్నాను."

అలా నేను అబద్ధాలాడే ఉద్యోగంలో చేరాను. కాలేజీలో పన్నెండు మంచాల గది ఒకటుంది. పదకొండింటి మీద రబ్బరు బొమ్మలు, పన్నెండో దాని మీద నేను. వారం వారం ఒక కార్డు ఇచ్చేవాళ్ళు. "ఈ రోజు నువ్వు మిస్టర్ బెల్. వయసు డెబ్భై ఒకటి. బీపీ ఉంది. మాత్రలు వేసుకోకుండా వేసుకున్నానంటావు." నేను కార్డుకు కట్టుబడేవాణ్ణే, కానీ చేతులు ఊరుకోవుగా. బెల్‌కు ఒక కవల సోదరుణ్ణీ, ఒక ఎలుగుబంటి కాటునూ నేనే జతచేశాను. పిల్లలు పాపం పుస్తకాల్లో రాసుకునేవారు.

ఇక్కడొక పద్ధతి చెప్పాలి. నా రోగం నాలో ఉండదు, కార్డులో ఉంటుంది. అందుకని విద్యార్థి నా చేతికి పట్టీ చుట్టాలి, గాలి కొట్టాలి, విన్నట్టు తల పంకించాలి. అప్పుడు పరీక్షాధికారి కార్డు చూసి అంకె చదువుతాడు. విద్యార్థి రాయవలసింది ఆ అంకెనే. ఈ పద్ధతి ఆఫీసువాళ్ళది. హిల్కాకు అది గొంతులో ముల్లు. "వినని అంకెను రాయడం నేర్పితే వీళ్ళు రేపు వార్డులో ఏం రాస్తారు?" అని ముప్ఫై ఏళ్ళుగా పోట్లాడుతోంది, ముప్ఫై ఏళ్ళుగా ఓడిపోతోంది.

ఆమె పాఠం చెబుతుంటే నేను మంచం మీద పడుకుని వినేవాణ్ణి. చెప్పొద్దూ, నోరు తెరుచుకుని వినేవాణ్ణి. బీపీ మందులన్నిటికీ ఆమె దగ్గర కాపురాలుండేవి.

"మందు పేరు చివర చూడండమ్మా, అదే ఇంటిపేరు. 'ప్రిల్' అని ఉంటే ప్రిల్ వారింటిది. వాళ్ళింట్లో ఒకటే పొడిదగ్గు. పైగా పొటాషియం దాచుకునే గుణం. 'సార్టాన్' వాళ్ళు వీళ్ళ దాయాదులు, దగ్గు తక్కువ, దాచుకునే గుణం మాత్రం పోలేదు. 'ఒలాల్' వాళ్ళు నిదానస్తులు. గుండెను పట్టుకుని మెల్లిగా నడిపిస్తారు. నాడి అరవైకి తక్కువగా ఉంటే వాళ్ళను లోపలికి రానివ్వకండి, డాక్టర్ని అడగండి. ఇక నీటిమాత్రలు. వాళ్ళకు శుభ్రం పిచ్చి. ఇంట్లో నీళ్ళన్నీ తోడి బయట పోస్తారు, ఆ ఊపులో పొటాషియాన్ని కూడా ఊడ్చేస్తారు. కాబట్టి మాత్ర ఇచ్చేముందు ఏం చూస్తారు?"

"బీపీ, నాడి, రక్తపరీక్ష కాగితం!" అని క్లాసంతా.

"ఎన్నిసార్లు?"

"మూడు!"

ఒకరోజు ఒక సీసాలో చిటికెడు తెల్లటి పొడి తెచ్చి కిటికీ వెలుగులో పట్టుకుంది. "మనిషి రక్తంలో తేలే పొటాషియం అంతా కలిపితే ఇంతే. మూడున్నరకీ అయిదుకీ మధ్య ఉంటే మీరు పెళ్ళిలో నాట్యం చేస్తారు. అటు పోయినా ఇటు పోయినా గుండె తాళం తప్పుతుంది." కాగితపు మిల్లులో ఇరవై టన్నుల యంత్రాల మధ్య బతికినవాణ్ణి నేను. నా లోపల ఇంత పెద్ద మిల్లు చిటికెడు ఉప్పు మీద నడుస్తోందని డెబ్భై ఏళ్ళకు తెలిసింది. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళుతూ నా ఛాతీని చేత్తో పట్టుకుని, పగిలిపోయే సామానులా మోసుకెళ్ళాను.

పాఠం అయ్యాక అందరికీ తలా ఒక మిఠాయి పంచేది. మా ఊరి ఫిన్నిష్ వాళ్ళు దాన్ని సల్మియాక్కి అంటారు. అతిమధురం వేరుతో చేసిన నల్లటి ముక్క, పైన ముక్కుపుటాలు అదిరే ఉప్పు. మొదటిసారి తింటే బూట్లకు వేసే పాలిష్ నాకినట్టుంటుంది. నాలుగోసారికి మనిషి బానిస అవుతాడు. "ఒకటే" అనేది హిల్కా, "ఈ వేరు ఎక్కువైతే బీపీ ఎక్కుతుంది, పొటాషియం దిగుతుంది. వినబడిందా ఆర్మాన్?"

వినబడింది. కానీ ఆ పొట్లాలున్న సొరుగు నా మంచం పక్కనే ఉంది. రబ్బరు బొమ్మలు ఫిర్యాదు చేయవు. ఆరు వారాల్లో ఎన్ని పొట్లాలు ఖాళీ చేశానో సిస్టర్ క్లోతిల్డ్‌కు కూడా చెప్పను.

ఒకసారి హిల్కా నిలదీసింది. "ఎన్ని తిన్నావు?"

"ఒకటి."

"ఎన్ని?"

"ఒకటి."

"ఆర్మాన్, ఎన్ని?"

"చెప్పానుగా, ఒకటి."

మూడుసార్లూ అంకె కలిసింది. నమ్మి వెళ్ళిపోయింది. ఆమె పద్ధతిలో ఉన్న ఒకే ఒక్క చిల్లు నేను.

ఆ క్లాసులో లోర్నా ఫిడ్లర్ అని ఒకమ్మాయి ఉండేది. అమ్మాయి అన్నాను గానీ ముప్ఫై నాలుగేళ్ళు, ఇద్దరు పిల్లల తల్లి. చాలా ఉత్తరాన ఉన్న వాళ్ళ ఊరికి చలికాలంలో మంచు మీద తప్ప దారి లేదు, మిగతా రోజుల్లో విమానమే. పెద్దలను తాతా అని పిలవడం వాళ్ళ అలవాటు. నన్నలా పిలిచినందుకు మొదటి రోజే ఆమెకు అమ్ముడుపోయాను.

"మా ఊళ్ళో బీపీ చూసే మనిషి ఆకాశంలోంచి దిగాలి తాతా" అంది ఒకసారి. "గాలి బాగుంటే దిగుతుంది. లేకపోతే మా అమ్మ ఆ వారం మాత్ర వేసుకోవాలో మానాలో గోడనడగాలి. నేను నర్సునై వెళితే ఆ మనిషి ఎప్పుడూ ఊళ్ళోనే ఉంటుంది."

కోరిక ఇంత స్పష్టంగా ఉంది, పరీక్ష అంటే మాత్రం చేతులు వణికేవి. మొదటి పరీక్షలో సోడియం అంకె తెచ్చి పొటాషియానికి పెట్టి, నూట నలభై అని రాసింది.

హిల్కా ఆ కాగితం చూసి, "పొటాషియం నూట నలభై ఉంటే అది మనిషి కాదమ్మా, ఎరువుల బస్తా" అంది.

క్లాసు నవ్వింది. లోర్నా నవ్వలేదు. రెండో పరీక్షలో ప్రిల్ వాళ్ళనూ ఒలాల్ వాళ్ళనూ ఒకే ఇంట్లో కాపురం పెట్టించింది. ఇక మిగిలింది మూడోది. అదీ తప్పితే ఆ ఏడాదే కాలేజీ పెట్టిన కొత్త నిబంధన ప్రకారం సామాను సర్దుకోవడమే.

మూడో పరీక్ష చేతిపనిది. మంచం దగ్గర, నా మీద, పదిహేను నిమిషాలు. అంకెలు చదవడానికి ఆఫీసు నుంచి గ్రాంట్ ప్రెస్కాట్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, ఇస్త్రీ ముఖం. హిల్కా గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. మాట్లాడకూడదని ఆజ్ఞ.

నేను ఆ రోజు మిస్టర్ బెల్‌ని. ప్రిల్ మాత్ర వేయాల్సినవాణ్ణి. బీపీ నూట ఇరవై ఎనిమిది మీద డెబ్భై ఆరు, నాడి డెబ్భై రెండు. అంతా బాగానే ఉంది. కిటుకు రక్తపరీక్ష కాగితంలో ఉంది. పొటాషియం అయిదు పాయింట్ తొమ్మిది. అది చూసి, మాత్ర ఆపి, డాక్టర్ని పిలవాలి. చూడకపోతే తప్పినట్టే. అంతకుముందు వచ్చిన ఏడుగురూ చకచకా పట్టీ చుట్టి, ప్రెస్కాట్ చదివింది రాసుకుని, కాగితం చూసి గట్టెక్కారు.

లోర్నా పట్టీ చుట్టింది. గాలి కొట్టింది. వింది.

"నూట ఇరవై ఎనిమిది మీద డెబ్భై ఆరు" అన్నాడు ప్రెస్కాట్.

లోర్నా కలం తీయలేదు. "నాకలా వినబడలేదండీ."

"నీకెలా వినబడిందన్నది కాదు. కార్డులో అలా ఉంది."

"ఒక్క నిమిషం సార్." మళ్ళీ గాలి కొట్టింది. మళ్ళీ వింది. నా మణికట్టు పట్టుకుంది. ఆమె వేళ్ళు వణకడం ఆగిపోయిందని నాకప్పుడే తెలిసింది. "తాతా, నీ నాడి మధ్యలో అడుగు తప్పుతోంది. కాళ్ళు పట్టేస్తున్నాయా?"

కార్డులో అది లేదు. బెల్ ఏం చెప్పాలో నాకు తెలియదు. ఆర్మాన్‌కు మాత్రం వారం రోజులుగా మెట్లెక్కితే పిక్కలు రాళ్ళవుతున్నాయి. "కొంచెం" అన్నాను.

"పన్నెండు నిమిషాలైంది" అన్నాడు ప్రెస్కాట్. "ఇంకా రక్తపరీక్ష కాగితం ముట్టుకోలేదు."

మాట్లాడకూడదన్న హిల్కా గోడ దగ్గర్నుంచి కదిలింది. "ఎవరి గడియారంలో?"

"నా గడియారంలో."

"నేను నమ్మను."

"మేడం!"

"గోడ గడియారం తొమ్మిదే అంటోంది చూడండి. మీ ఫోను తీయండి. ఊఁ, పదకొండు. మూడు గడియారాలు, మూడు అంకెలు. ఏది రాస్తారు? మళ్ళీ చూడండి."

ప్రెస్కాట్ పాపం నిజంగానే మళ్ళీ చూశాడు. హిల్కా అతని మణికట్టు పట్టుకుని వదలలేదు. గడియారం ఎప్పుడు కొన్నారు, బ్యాటరీ ఎప్పుడు మార్చారు, సెకన్ల ముల్లు ఎందుకు తడబడుతోంది? అంత నిబంధనల మనిషి, మూడు నిమిషాలు బ్యాటరీ గురించి జవాబు చెప్పాడు. నేను పుట్టి బుద్ధెరిగి ఇంత పెద్ద దొంగతనం చూడలేదు. పట్టపగలు, ఆఫీసర్ చేతిలోంచి కాలాన్ని కొట్టేసింది!

ఈలోగా లోర్నా మూడోసారి విని, నా ముఖంలోకి వంగింది. "నాలుక చాపు తాతా."

చాపాను. బొగ్గుగనిలా ఉంది.

"జేబులో ఏముంది?"

డెబ్భై ఏళ్ళ అబద్ధాల ఉద్యోగం ఆ చూపు ముందు రాజీనామా చేసింది. జేబులోంచి సల్మియాక్కి పొట్లం తీసి దుప్పటి మీద పెట్టాను. అందులో రెండు ముక్కలు మిగిలాయి.

"నిజంగా ఏం మాత్రలు వేసుకుంటావు? బెల్ కాదు, నువ్వు."

"నీటిమాత్ర. బీపీకి. రోజుకొకటి."

లోర్నా నిటారుగా నిలబడింది. రక్తపరీక్ష కాగితం చేతిలోకి తీసుకుని చదివింది. తర్వాత ఆమె అన్న మాటలు నేను చచ్చేదాకా మరిచిపోను.

"సార్, ఈ మంచం మీద ఇద్దరు రోగులున్నారు. కాగితం మీదున్న బెల్ గారికి పొటాషియం ఎక్కువ. ఆయనకు ప్రిల్ మాత్ర ఇవ్వను, డాక్టర్ని పిలుస్తున్నాను. పడుకున్న ఈ తాతకు పొటాషియం తక్కువని నా అనుమానం. బీపీ నూట ఎనభై ఎనిమిది మీద నూట రెండు, మూడుసార్లు విన్నాను. ఈయన్ని ఇప్పుడే ఆసుపత్రికి పంపాలి."

హిల్కా వచ్చి నా మణికట్టు పట్టుకుంది. నిమిషం లెక్కపెట్టింది. దుప్పటి మీది పొట్లం చూసింది. అది తన సొరుగుదే. ఆమె ముఖం మైనస్ ముప్ఫై ఒకటికి దిగింది.

"పదండి, కారు తీస్తున్నాను."

"మళ్ళీ చూడవా?" అన్నాను, అలవాటు కొద్దీ.

"ఆ అమ్మాయి మూడుసార్లు చూసింది. చాలు."

హిల్కాను ఎరిగినప్పటి నుంచి ఆమె ఒక్కసారి లెక్కపెట్టి ఊరుకోవడం అదే మొదలు. కారెక్కాను. మెచ్చుకోవడమంటే ఈవిడ దగ్గర ఇలా ఉంటుందన్నమాట అనుకున్నాను.

నా పొటాషియం రెండు పాయింట్ ఏడు వచ్చింది. ఆసుపత్రిలో పడుకోబెట్టి, ఛాతీకి తీగలంటించి, సీసాలోంచి బొట్టుబొట్టుగా పొటాషియం ఎక్కించారు. అది చేతిలో కారం పూసినట్టు మండుతుంది. చిటికెడు పొడి అని తేలిగ్గా అనుకోకండి.

లోర్నా సంగతి మాత్రం తేలలేదు. కార్డులో ఉన్న బీపీ రాయలేదు కాబట్టి ప్రెస్కాట్ 'తప్పింది' అని రాశాడట. హిల్కా "నేను నమ్మను" అందట. శుక్రవారం దాకా ఆలోచిస్తానని అతను అన్నాడట. అంటే నాకు రెండు రోజులు. మంచానికి కట్టేసి ఉన్నాను, నోటికి మాత్రం ఏ తీగా అంటించలేదు.

మళ్ళీ రక్తం తీయడానికి నర్సు మరియెట్టా వచ్చింది. కథంతా చెప్పాను. ఆ పిల్ల అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఎవరికీ చెప్పకండి. నేను మందుల పరీక్ష నాలుగుసార్లు తప్పాను. ప్రతిసారీ హిల్కా మేడం మా వంటింటికొచ్చి, ఆ కాగితం బల్ల మీద పెట్టి, 'ఈ అంకె నేను నమ్మను, మళ్ళీ' అనేది. శనివారం శనివారం వచ్చి చదివించేది. ఆవిడ అలా చేసింది నా ఒక్కదానికే."

మధ్యాహ్నం సీసా మార్చడానికి ఇంకో నర్సు బ్రెండా వచ్చింది. "ష్, ఎవరితో అనకండి. నేను రెండుసార్లు పోయాను. మేడం నిబంధనల పుస్తకమంతా మూడుసార్లు చదివి, మూడో అవకాశం ఎక్కడుందో వెతికి పట్టుకుంది. నా ఒక్కదాని కోసం."

సాయంత్రం వార్డు పెద్దనర్సు షీలా వచ్చింది. ఆమె అడుగుల చప్పుడు వింటే డాక్టర్లే బొత్తాలు సరిచూసుకుంటారు. నేను నోరు తెరవకముందే, "లషాన్స్ గారూ, హిల్కా గురించి ఏదో వాగుతున్నారట" అంది. తలుపు దగ్గరగా వేసింది. "నేను ఆరుసార్లు. ఎవరికైనా తెలిస్తే మీ సీసా వేగం పెంచుతాను."

మర్నాటికి ఈ రహస్యాలన్నీ నేను ఎంత భద్రంగా కాపాడానంటే, వార్డులో ఎవరెవరు ఎన్నిసార్లు తప్పారో ఊడ్చేవాళ్ళతో సహా అందరికీ తెలిసిపోయింది. ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డ బరువు చూసినవాళ్ళలో, ప్రతి ముసలాడి బీపీ పట్టినవాళ్ళలో సగం మంది ఒకప్పుడు తప్పిన అంకెలే. ఆ అంకెలను నమ్మనిది ఒక్క హిల్కా. రొట్టె తూకం దగ్గర మేం నవ్వుకున్న ఆ జబ్బుతోనే ముప్ఫై ఏళ్ళుగా ఆమె ఊరికి నర్సులను తయారుచేస్తోంది. నేను కథలు చెప్పేవాణ్ణి, ఇంత పెద్ద కథ పక్కనే జరుగుతుంటే సొరుగులో మిఠాయి వెతుక్కుంటున్నాను.

శుక్రవారం ప్రెస్కాట్ నన్ను చూడ్డానికి వచ్చాడు. మంచి మనిషే, ద్రాక్షపళ్ళు తెచ్చాడు. వెనకే హిల్కా వచ్చింది. తలుపులో నర్సులు గుమిగూడారు. ప్రెస్కాట్ కాగితం తీయబోయాడు.

"ముందు కూర్చోండి" అంది హిల్కా. "ముఖం ఎర్రగా ఉంది." అతను వద్దనేలోగా చేతికి పట్టీ పడిపోయింది.

"నూట అరవై నాలుగు" అంది.

ప్రెస్కాట్ ముఖం ఇస్త్రీ నలిగిపోయింది. "నాకు బీపీయా? మాత్రలు వాడాలా?"

"కాళ్ళు నేలకానించండి. మాట్లాడకండి." అయిదు నిమిషాలు ఆగి మళ్ళీ చూసింది. "నూట నలభై ఎనిమిది." ఇంకో అయిదు నిమిషాలు. "నూట ఇరవై ఆరు." పట్టీ విప్పింది. "ఇప్పుడు చెప్పండి. మీ ఫైల్లో ఏది రాయమంటారు?"

"మూడోదే కదా! మొదటిది నేను కంగారులో..."

"అవును. మొదటిసారి చూస్తే మనిషి కనబడడు, భయం కనబడుతుంది. భయానికి నేను మాత్ర ఇవ్వను. మార్కులూ వేయను." ప్రెస్కాట్ చేతిలోని కాగితం కేసి చూసింది. "ఆ అమ్మాయికి కూడా మూడోదే రాయండి."

తలుపు దగ్గర పెద్దనర్సు షీలా కళ్ళద్దాలు తుడుచుకుంది. ప్రెస్కాట్ కాసేపు తన మణికట్టు గడియారం కేసి చూసి, దాన్ని నమ్మనట్టుగా తల ఊపి, కలం తీసి 'తప్పింది' కొట్టేశాడు.

లోర్నా ఇప్పుడు వాళ్ళ ఊళ్ళోనే ఉంది. విమానం దిగినా దిగకపోయినా వాళ్ళమ్మ బీపీ చూసే మనిషి ఉంది. ప్రతి ఆదివారం నాకు ఫోను చేస్తుంది.

"తాతా, సల్మియాక్కి ఎన్ని తిన్నావు?"

"ఒక్కటీ లేదమ్మా."

"ఎన్ని?"

"ఒక్కటీ లేదు."

"తాతా..."

"సరే, ఒకటి."

ఇదంతా రాసి, న్యాయంగా ఉండాలని మొన్న హిల్కా వంటింట్లో కూర్చుని చదివి వినిపించాను. కాఫీ కలుపుతూ ఆఖరి మాట దాకా వింది.

"ఒక్క ముక్క నిజం లేదు" అంది. "తోయ్వో కాఫీ అడగలేదు. ప్రెస్కాట్ గడియారం నేను ముట్టుకోలేదు. ఎవరి వంటింటికీ వెళ్ళలేదు. శనివారాలు నేను సౌనాలో ఉంటాను."

"మరి మరియెట్టా అలా చెప్పిందే?"

"దాని మాట పట్టుకుంటావా? దానికి జ్ఞాపకశక్తి ఉంటే ఒలాల్ వాళ్ళ దగ్గర నాలుగుసార్లు ఎందుకు తప్పుతుంది?" అని ఠక్కున ఆగింది. చెంచా గిన్నెలో గట్టిగా తిప్పింది. "మొత్తం అబద్ధం. నేను నమ్మను."

నేను కాగితాలు మడవబోయాను. ఆమె కప్పు నా ముందుకు జరిపి, ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మళ్ళీ చదువు."